ఉక్కును లాగే మూడు దిక్కులు

విజయవాడ నగరంలోనే గాక, దివిసీమ మారుమూల పల్లెలలో సైతం నేడు గ్యాసు సిలిండరు లేని వంటిల్లు అరుదు. దాని నడుము చుట్టూ మొలత్రాడువలె ఒక ఉబ్బెత్తు గీత కనిపిస్తుంది. అది అలంకారం కాదు. రెండు ఉక్కు చిప్పలను ఎదురెదురుగా చేర్చి వెల్డింగు చేసిన అతుకు. ఆ అతుకు నిలువుగా గాక అడ్డంగానే ఎందుకున్నది?

లోపలి వాయువు గోడనంతటినీ ఒకే తీరున నెట్టుతుంది. కాని ఆ నెట్టుడుకు గోడలో పుట్టే ప్రతిబలం అన్ని దిక్కులా సమానం కాదు. స్తూపాకారపు పాత్రలో చుట్టుకొలత వెంబడి కలిగే లాగుడు, నిడివి వెంబడి కలిగేదానికి రెండింతలు. అతుకు నిలువుగా ఉంటే పెద్ద లాగుడే దానిని చీల్చజూస్తుంది. అడ్డంగా ఉన్నందున దానిని విడదీయజూసేది అందులో సగమే.

ప్రయోగశాలలో ఉక్కు కడ్డీని ఒకే దిక్కున లాగి పరీక్షిస్తారు. సాధారణమైన మెత్తని ఉక్కు సుమారు 250 మెగాపాస్కళ్ల వద్ద శాశ్వతంగా సాగనారంభిస్తుంది. మరి పలు దిక్కుల లాగుళ్లు ఒక్కసారే కలిగితే? వస్తువులోని ఏ బిందువు వద్దనైనా ప్రతిబలాలన్నిటినీ పరస్పరం లంబంగా ఉండే మూడింటిగా తేల్చవచ్చునని ఫ్రెంచి గణితవేత్త కోషీ 19వ శతాబ్ది పూర్వార్ధంలో చూపించాడు. ఉక్కును సాగదీసేది ఆ మూడింటి మధ్యగల తేడాలేనని 1904లో హ్యూబర్, 1913లో ఫాన్ మిసెస్ సూత్రీకరించారు. సిలిండరు గోడలో రెండు లాగుళ్లు 2, 1 పాళ్లలో ఉంటే, ఆ సూత్రం ప్రకారం ఫలితం 3కు వర్గమూలం, అనగా సుమారు 1.73.

అయితే ఈ సూత్రం చాటునే ఒక అపాయం పొంచి ఉన్నది. మూడు లాగుళ్లూ సమానమైతే తేడాలుండవు. లెక్కకు సున్న వస్తుంది. ఉక్కు సాగదు. సాగలేదు గనుకనే, ఏ హెచ్చరికా లేకుండా పెళుసుగా పగులుతుంది!

1979లో విద్యుదుత్పత్తి ఆరంభించిన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నేడు నార్ల తాతారావు పేర వెలసి ఉన్నది. అటువంటి కేంద్రాల బాయిలర్లలో ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి నూరు రెట్లు మించుతుంది. దళసరి గోడకు గొట్టాన్ని అతికినచోట, చల్లారే లోహం పొడవున, వెడల్పున, మందాన ముడుచుకోజూస్తుంది. చుట్టూ ఉన్న ఉక్కు దానిని ముడుచుకోనివ్వదు. ఆవిరి చేరకముందే అక్కడ ముప్పేట లాగుడు పాదుకొంటుంది.

1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండు రేవులో, వెల్డింగుతో నిర్మించిన క్రొత్త చమురు ఓడ స్కెనెక్టడీ, కదలని నీటిలో నిలిచి ఉండగానే దాదాపు రెండుగా విరిగింది. లెక్కకు వచ్చిన ప్రతిబలం స్వల్పమే. అతుకులలోని లోపాలూ, చలికి పెళుసెక్కే ఉక్కూ కలిసి దానిని విరిచాయి.

అందుచేత ఇంజనీరు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఉక్కు సాగునా? పగులునా? మొదటిదానికి సూత్రం బదులిస్తుంది. రెండవదానికై దళసరి అతుకులను సుమారు 600 డిగ్రీల వరకు వేడిచేసి మెల్లగా చల్లార్చుతారు, ఎక్స్‌రేతో పరీక్షిస్తారు, పనిచేసే పీడనాన్ని మించి నీటితో నొక్కి చూస్తారు.

వంటింటి సిలిండరుకూ ఈ పరీక్ష తప్పదు. దాని పట్టీ లోపలివైపున ఏ, బి, సి, డి అక్షరాలలో ఒకటీ, సంవత్సరమూ ఉంటాయి. అవి వరుసగా మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరులతో ముగిసే త్రైమాసికాలకు గుర్తులు. ఆ గడువు దాటిన సిలిండరును గృహస్థు తీసుకొనరాదు.