శ్రీశైలము దారిలోని పేటలు: అపకీర్తికి ఆధారమెంత?

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది మొదలు, విదేశములనుండి వచ్చు మన తెలుగువారు పలువురు పీవీ ఎక్స్‌ప్రెస్ వంతెనపైనుండి మెహదీపట్నమునకో, తుక్కుగూడ మీదుగా ఔటర్ రింగురోడ్డు పట్టి ఎల్బీనగరునకో పోవుచు, పాతబస్తీని కంట చూడకయే ఇల్లు చేరుచున్నారు. తుక్కుగూడనుండి శ్రీశైలము రహదారిపై నగరమువైపు సాగినచో పహాడీ షరీఫ్ దర్గా, షాహీన్‌నగర్, బార్కాస్, చాంద్రాయణగుట్ట వరుసగా ఎదురగును. తూర్పున బాలాపూరు గలదు. ఈ పేటల పేరెత్తినంతనే ‘చీకటి పడ్డాక అటు పోవద్దు’ అను హితవు మన ఇండ్లలో తరచు వినబడును. ఆ హితవులో అనుభవమెంత, అలవాటెంత అని విచారించుట మన విధి.

ఈ ప్రాంతమునకు వలస క్రొత్త కాదు. యెమెను దేశపు హద్రమౌత్ సీమనుండి వచ్చిన అరబ్బులు నిజాము కొలువున సైనికులై, తమ సైనికావాసములున్న బార్కాసులోనే స్థిరపడిరి. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో ఆ కొలువు అంతరింపగా, జీతముపై బ్రతికిన కుటుంబములు నిరాధారములైనవి; 1970ల తరువాత గల్ఫు దేశములలోని పనులే వారిలో అనేకులకు శరణ్యమైనవి. నేడు బార్కాసు జామపండ్లను, హరీసును, మందీని వెదకికొనుచు నగరపు నలుమూలలనుండి జనులు వచ్చుచునే యున్నారు.

బాలాపూరు గుడిసెలలోని రోహింగ్యాలు ఇటీవలివారు. 1982 నాటి బర్మా పౌరసత్వ శాసనము వారిని స్వదేశముననే పరాయివారిని చేయగా, 2012లో రఖైను రాష్ట్రమున చెలరేగిన హింస అనంతరము వారిలో కొన్నివేలమంది హైదరాబాదు చేరి, చిత్తుకాగితములు ఏరుచు, కూలిచేయుచు కాలము గడపుచున్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డే వారికి గుర్తింపు. దొంగపత్రములు సంపాదించిరని కొందరిపై కేసులు నడచినమాట నిజము. ఋజువైనచో అది శిక్షార్హమే. అయినను, 2020 డిసెంబరు నగరపాలక ఎన్నికలలో ఈ నిరుపేదల పేరు నగరమునకే గండమన్నట్లు ప్రచారమున మారుమ్రోగుట న్యాయము కాదు.

పాతబస్తీ అపకీర్తి శూన్యమునుండి పుట్టలేదు. 1978 మొదలు మతకల్లోలములును కర్ఫ్యూలును అచట పదేపదే సంభవించినవి. 1990 డిసెంబరులో నూరుమందికి పైగా హతులైరి. 2010 మార్చిలోను కర్ఫ్యూ విధింపవలసివచ్చినది. ఆ కల్లోలములలో ప్రాణములను, కూలిని, కొట్టును పోగొట్టుకొన్నవారు ముఖ్యముగా అచటి పేదలే. వారిలో ఉభయ మతములవారును గలరు. 2007 మే నెలలో మక్కామసీదులో బాంబు ప్రేలగా, నిర్బంధింపబడిన ముస్లిము యువకులు కొందరు తరువాత నిర్దోషులుగా విడుదలయిరి. 2013 నాటి దిల్‌సుఖ్‌నగర్ ప్రేలుళ్ల కేసులో 2016లో శిక్షపడిన ఐదుగురిలో ఒక్కడును పాతబస్తీవాడు కాడు.

అచట నిజముగా పొంచియున్న ముప్పు మరియొకటి కలదు. 2020 అక్టోబరు వానలలో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి, అల్‌జుబైల్ కాలనీ, హాఫిజ్‌బాబానగర్ వంటి పేటలు మునిగిపోయినవి. చెరువుల దిగువన, ఇరుకు ఇండ్లలో, చాలీచాలని బడుల నడుమ బ్రతుకువారికి దినదినగండమైన ఈ ముప్పును, వారివలన మనకు కలుగు ముప్పుగా ఎంచుట తలక్రిందుల తర్కము.

ఈ పొరపాటు మన నగరమునకే పరిమితము కాదు. చికాగో నగరమును పరిశీలించి రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్ అను సామాజిక శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, వీధిలో కంటికి కనబడు చెత్త, పాడుపడిన కట్టడములు మున్నగువానికంటె, ఆ వీధిలో నల్లజాతివారును పేదలును ఎందరున్నారనునదే ‘ఇచట అరాచకము హెచ్చు’ అను భావమును బలముగా నిర్ణయించుచున్నది. దానివలన కలుగు కీడు మనకు తెలియనిది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రపు ఒలేతా నగరమున, హైదరాబాదునుండి వెళ్లిన తెలుగు ఇంజనీరును ఇరాను దేశీయుడని భ్రమించి ఒకడు కాల్చిచంపెను. ముఖము చూచి, మతమును ఊహించి, అపాయమును నిర్ణయించు బుద్ధి ఎవరిని బలిగొనునో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

కనుక నా తీర్పిది: ఏ పెద్ద నగరమునందైనను వలసిన జాగరూకత ఇచటను వలయును, అంతకుమించిన భయమునకు ఆధారము లేదు. స్వగ్రామములలో బడులు కట్టించు మన సంఘములు తమ విద్యానిధిలో కొంత భాగమును బాలాపూరు, షాహీన్‌నగర్ బాలబాలికలకు కేటాయించవలెనని నా ప్రార్థన. చదువరులు మరుసటిమారు తుక్కుగూడ చేరినప్పుడు శ్రీశైలము రహదారిపై నగరమువైపు మరలి, బార్కాసులో భోజనముచేసి, అచటివారితో మాటలాడి, ఆపై తమ అభిప్రాయమును తామే ఏర్పరచుకొందురుగాక.