బూజు పట్టిన వేరుసెనగలు – కాలేయపు కేన్సరు

“ఏమి తినినచో కేన్సరు వచ్చును? ఏమి తినినచో రాకుండును?” అని మా విద్యార్థులు నన్ను తరచుగా అడుగుచుందురు. మన పెద్దలు రాచపుండని పిలిచిన యీ వ్యాధి పేరు వినినంతనే ఎవరికైనను గుండె జల్లుమనును. కావుననే వదంతులకు కొదువ లేదు. ఒకడు చక్కెర విషమనును. వేరొకడు పసుపు తినువానికి ఆ పుండు రానేరదనును. మరియొకని మేనమామకు గోధుమగడ్డి రసముతో నయమయ్యెనట! ఇట్టి మాటలకు ఆధారము లేదు. మద్యపానము వలనను, ఉప్పువేసి పొగబెట్టి నిలువచేసిన మాంసము వలనను, మితిమీరిన స్థూలకాయము వలనను కొన్ని తెగల కేన్సరు హెచ్చుననుటకు మాత్రము గట్టి సాక్ష్యము గలదు. వీనిని గూర్చి వ్రాయువారు పలువురున్నారు. నేను వ్రాయబూనినది మన వంటయింటి డబ్బాలోనే యుండి, మనము పేరెత్తని యొక విషమును గూర్చి.

అది నాకు తెలియవచ్చిన విధము చెప్పుట కొంత సిగ్గుచేటు, అయినను చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక విద్యార్థి వసతిగృహమునకు పర్యవేక్షకుడనై యుంటిని. కార్తికమాసపు వానలకు సామానుగది కప్పు కారి, వేరుసెనగ పప్పు బస్తా యొకటి తడిసెను. నాలుగైదు దినములవరకు ఎవరును చూడలేదు. విప్పి చూడగా గింజలపై పసుపువన్నె కలసిన పచ్చని బూజు! వంటమనిషి, “కడిగి ఎండబెట్టి బాగా వేయిస్తే దోషం పోతుందండీ” అనెను. బస్తా ధర తలచుకొని నేనును సరేయంటిని. మరునాటి ఉదయము ఉప్మాలోనికి ఆ గింజల పచ్చడియే వడ్డించిరి. అనంతపురము జిల్లానుండి వచ్చిన యొక బాలుడు దానిని పళ్లెము అంచునకు నెట్టి, “అయ్యవారూ, ఇవి బూజు చెనక్కాయలు. మా యింట్లో ఏరి పారబోస్తారు” అనెను. స్తుతి చెల్లించి కూర్చున్న పంక్తిలో అన్నమునకు వంక పెట్టరాదని నేను వానిని అందరి యెదుట మందలించితిని. వాడు మారుమాటాడక తినెను. వాని ముఖము నా కన్నులయెదుట మెదలుచుండగా, ఆ వారమే ఈ విషయమును గూర్చి దొరికినదంతయు చదువ నారంభించితిని.

ఈ కథకు ఆరంభము ఇంగ్లండులో. 1960వ సంవత్సరమున ఆ దేశమున లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కొలది నెలలలో చచ్చెను. కారణము తెలియక దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరిడిరి. చచ్చిన పక్షుల కాలేయములు చెడియుండెను. శోధింపగా, బ్రెజిలు దేశమునుండి తెప్పించిన వేరుసెనగ చెక్క వాని మేతలో కలిపియుండిరని తేలెను. ఆ చెక్కలో ఆస్పర్జిల్లసు ఫ్లేవసు అను బూజు పెరిగినది. అది విడిచిన విషమే యీ పక్షులను చంపినది. బూజు పేరులోని తొలి యక్షరమును, ‘ఫ్లా’ అను దానిని కూర్చి ఆ విషమునకు ‘అఫ్లాటాక్సిను’ అని నామకరణము చేసిరి. నీలలోహితాతీత కిరణములక్రింద ఇది కొంత నీలముగను కొంత ఆకుపచ్చగను వెలుగును. నీలముగా వెలుగువానిలో బి1 అనునది మిక్కిలి క్రూరమైనది.

ఆ విషము కాలేయమునే ఏల పట్టుకొనును? మనము తిన్న ఆహారములోని పరాయి పదార్థములను విరిచి వెలికి పంపుట కాలేయపు పని. అఫ్లాటాక్సినును విరువబోయినపుడు, ఆ పనిలోనే అది మునుపటికంటె చురుకైన రూపము దాల్చును. ఆ రూపము జీవకణములోని జన్యుద్రవ్యమునకు అంటుకొని అచటి వ్రాతను మార్చివేయును. కణములు అదుపుతప్పి పెరుగకుండ కాపాడు ‘పి53’ అను జన్యువు కలదు. అఫ్లాటాక్సిను ఎక్కువగా తిను ప్రాంతముల కాలేయ కేన్సరు రోగులలో ఆ జన్యువున ఒకే చోట ఒకే విధమైన మార్పు పదేపదే కనబడుచున్నదని 1991లో ప్రకటించిరి. దొంగ విడిచిపోయిన వేలిముద్రవంటి దది. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1987లోను, మరల 1993లోను అఫ్లాటాక్సినులను మానవులకు నిశ్చయముగా కేన్సరు కలిగించువాని తరగతిలో చేర్చెను.

పెద్ద మోతాదు చేయు కీడు వేరు, చిన్న మోతాదు చేయు కీడు వేరు. పెద్ద మోతాదునకు మన దేశమునందే యొక విషాదకరమైన నిదర్శనమున్నది. 1974వ సంవత్సరాంతమున రాజస్థానములోని బాంస్వాడా, గుజరాతులోని పంచమహల్ జిల్లాల పల్లెలలో కామెర్లు, కడుపున నీరుచేరుట అను లక్షణములతో దాదాపు 400 మంది జబ్బుపడగా 106 మంది మరణించిరి. ఆ యిండ్ల కుక్కలు సయితము అట్లే చచ్చెను. ఈ సంగతి విచారించినది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు. అకాల వర్షములకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నలే అచటి బీదల నిత్యాహారము. వారు దినమునకు 2 మొదలు 6 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిను తినియుందురని లెక్కవేసిరి. బూజుపట్టినదని వారెరుగకపోలేదు; వేరే గింజ లేక తినిరి. నా బస్తా సంగతి అట్టిదికాదు గదా.

చిన్న మోతాదు సంవత్సరముల తరబడి లోపలికి పోయినపుడు నెత్తిమీదికి వచ్చునది కేన్సరు. దీనిని తేల్చుట సులభముకాదు. ఇరువదియేండ్ల క్రిందట తిన్న పప్పు ఎవనికి జ్ఞాపకముండును? చీనాలోని షాంఘై నగరమున 1986 మొదలు 1989 వరకు 18 వేలకు పైగా పురుషుల మూత్రమును, రక్తమును సేకరించి శీతలమున భద్రపరచిరి. పిమ్మట వారిలో ఎవరికి కాలేయ కేన్సరు వచ్చునాయని కనిపెట్టియుండి, అట్టివారి మూత్రమును పరీక్షించిరి. అఫ్లాటాక్సిను జాడ యున్నవారికి అపాయము 3 రెట్లకు పైగా హెచ్చినది. హెపటైటిసు-బి అను కామెర్ల క్రిమి యున్నవారికి 7 రెట్లు. రెండును కూడియున్నవారికి దాదాపు 60 రెట్లు! ఈ లెక్కను నల్లబల్లపై వ్రాసినపుడు, మూడును ఏడును కూడిన పదియే గదాయని బాలురు వాదింతురు. ఒకటి రెండవదానికి తోడైనపుడు కూడికగాని హెచ్చవేతగాని సరిపోలేదనుటయే ఇందలి విశేషము. కావున పసిబిడ్డకు వేయించు హెపటైటిసు-బి టీకా, ఎండిన శుభ్రమైన గింజ, ఈ రెండును ఒకే వ్యాధికి రెండు కంచెలు. అదే దేశములోని ఛీదుంగ్ ప్రాంతమున 1980 దశకము నడుమనుండి ప్రజలు మొక్కజొన్న మాని వరియన్నమునకు మారిరి. ఆ తరువాతి తరములలో కాలేయ కేన్సరు మరణములు బాగుగా తగ్గినవి. ఆఫ్రికా, చీనాలతో పోల్చిచూడగా మన దేశమున ఈ కేన్సరు తక్కువయే. అందుచేత భయపడుట అనవసరము, అశ్రద్ధ తగదు.

ఇక వంటమనిషి మాట. కడిగినచో కంటికి కనబడు బూజు పోవును గాని, గింజలోనికి దిగిన విషము పోదు. ఉడికించిన నీటివేడికి అది చెక్కుచెదరదు. వేయించినపుడు కొంత తగ్గునేగాని పూర్తిగా నశింపదు. దానికి రుచియు వాసనయు లేవు. మనము చేదనునది గింజ చెడినదని తెలుపు గురుతు మాత్రమే; చేదు లేనంతమాత్రమున విషము లేదనరాదు. ఐరోపావారు నేరుగా తిను వేరుసెనగలలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించరాదని నియమము పెట్టుకొనిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. నాలుక కేమి తెలియును?

కావున చేయవలసినదంతయు వంటకు ముందే చేయవలెను. బూజు కొన్నిసార్లు పొలముననే ప్రవేశించును. కాయ ముదురు దశలో వానలేక నేల కాగినచో దాని బెడద హెచ్చు. అనంతపురము రైతున కిది క్రొత్తగాదు. పెరికిన పిమ్మట కాయలను వెంటనే ఆరబెట్టవలెను. చెవియొద్ద ఆడించినపుడు లోపలి గింజ గలగలలాడునంతవరకు ఎండనిత్తురు. పగిలినవి, ముడుతలు పడినవి, రంగుమారినవి ఏరివేయవలెను. విషములో అధికభాగము ఈ కొలది గింజలలోనే యుండును. ఇది మాటవరుసకు చెప్పుట కాదు. పశ్చిమాఫ్రికాలోని గినీ దేశమున 20 పల్లెలు ఎన్నుకొని, పదింటిలో వేరుసెనగలను నేలపైగాక చాపలపై ఎండబెట్టి, చేతితో ఏరి, గోనెసంచులలో పోసి, కొయ్యపలకలపై నిలువచేయ నేర్పిరి. ఐదు నెలలకు ఆ పల్లెవారి రక్తములోని అఫ్లాటాక్సిను జాడ తక్కిన పల్లెలవారి దానిలో సగమునకంటె తక్కువయ్యెను. 2005లో ప్రకటింపబడిన యీ ప్రయోగమున యంత్రమేదియు లేదు.

ఏరివేసిన గింజలను పశువులకు పెట్టుటయు తప్పే. బూజుపట్టిన చెక్క తిన్న ఆవుపాలలో ఆ విషము కొంత రూపుమారి వచ్చును. పాలు త్రాగువారు పసివారు. ఇదంతయు విని వేరుసెనగనే మానుకొనువారుందురేమో. అట్లు చేయవలదు. మంచి గింజలో నూటికి 25 పాళ్ల మాంసకృత్తులున్నవి. బీదవాని కింత చవుకగా దొరకు బలమైన ఆహారము అరుదు.

బస్తాలో మిగిలిన పప్పును గొయ్యి త్రవ్వించి పూడ్పించితిని. ఆ బాలుని పంక్తిలో అందరియెదుట నిలిపి, వాడు చెప్పినదే నిజమనియు, నేను మందలించుట తప్పనియు చెప్పితిని. వాడు తలవంచుకొని, “ఆ పొద్దు తిన్నదానికి మాకేమైనా అవుతుందా, అయ్యవారూ?” అని యడిగెను. ఒకపూట తిన్నదానికి భయములేదు, ఏండ్లతరబడి తినుటయే కీడని బదులు చెప్పితిని. క్రొత్త బస్తా వచ్చిన సాయంకాలము వాడు నలుగురు స్నేహితులను కూర్చుకొని, చేటలు ముందర పెట్టుకొని, దీపాలవేళవరకు గింజ లేరెను. బస్తా క్రింద ఇటుకలు పెట్టి బల్ల వేయించినది మాత్రము నేను.