గుండె వేగం చెప్పే వాచీ: కొనేముందు, కట్టుకున్నాక



నోవైలో మంచు కరగగానే మన కుటుంబాల్లో చాలామంది బూట్లు బయటికి తీస్తారు. లేక్‌షోర్ పార్కు, మేబరీ స్టేట్ పార్కు, ఇంకాస్త దూరం వెళ్లగలిగితే కెన్సింగ్టన్ మెట్రోపార్కులో చెరువు చుట్టూ దాదాపు 8 మైళ్ల బాట ఉన్నాయి. నడకకైనా పరుగుకైనా మనకి చోటు కొదవ లేదు. దాంతోపాటే "ఏ వాచీ కొనుక్కోమంటారు?" అనే ప్రశ్న కూడా మొదలవుతుంది. వాలంటీర్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లం ఎక్కువ కాబట్టి ఆ ప్రశ్న మా దగ్గరికే వస్తుంది. తెలిసినంతలో ఇక్కడ చెబుతున్నాం.

దక్షిణాసియా వాళ్లకి గుండె జబ్బు ముప్పు ఎక్కువని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లో ప్రత్యేకంగా ఒక ప్రకటనే చేసింది. మనవాళ్లు వాచీ కొనడం వెనక ఆ భయం కూడా ఉంటుంది. అందుకే ఒక మాట ముందే చెప్పాలి. వాచీ గుండెకి కాపలా కాయదు. ఇప్పుడు మనం గుండెకి ఎంత పని పెడుతున్నామో మాత్రమే చెబుతుంది. ఆ తేడా తెలిసి వాడితే మంచి పనిముట్టే.

మణికట్టు మీదా, ఛాతీ మీదా?

వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ దీపం చర్మం కింద రక్తం ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు తగ్గుతోందో చూస్తుంది. దాన్నిబట్టి లోపలి సాఫ్ట్‌వేర్ గుండె వేగాన్ని అంచనా వేస్తుంది. ఛాతీకి కట్టుకునే పట్టీ పద్ధతి వేరు. అది గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. ఫిన్లండ్ కంపెనీ పోలార్ 1980ల మొదట్లోనే ఇలాంటి తీగల్లేని పట్టీని అమ్మకానికి తెచ్చింది. పరుగు వేగం మాటిమాటికీ మారేటప్పుడు ఇప్పటికీ పట్టీయే నమ్మకమైనది.

నడకకీ, నింపాదైన పరుగుకీ మణికట్టు వాచీ చాలు. ఒక నిమిషం జోరుగా, ఒక నిమిషం నెమ్మదిగా పరుగెత్తే సాధన చేసేవాళ్లు పట్టీ కూడా తీసుకోవడం మంచిది. బ్లూటూత్ ఉన్న పట్టీని మీ దగ్గరున్న ఫోనుకే కలుపుకోవచ్చు, దానికోసం ఖరీదైన వాచీ కొనక్కర్లేదు. పెద్దవాళ్లకి కొనేటప్పుడు అంకెలు పెద్దగా కనబడతాయా, ఎండలో చదవగలరా, ఛార్జింగ్ ఎన్ని రోజులు నిలుస్తుంది అన్నవే ముందు చూడండి.

డెట్రాయిట్ మారథాన్‌కి సిద్ధమయ్యేవాళ్లకి ఇంకో మాట. ఆ దారి అంబాసడర్ వంతెన మీదుగా కెనడాకి వెళ్లి, నది కింది సొరంగంలోంచి వెనక్కి వస్తుంది. సొరంగంలో జీపీఎస్ అందదు, వాచీ చూపించే వేగాన్ని నమ్మలేం. గుండె వేగం మాత్రం ఒంటి మీదే కొలుస్తుంది కనుక అక్కడ కూడా పనికొస్తుంది.

సరిగ్గా కట్టుకోవడం

మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, జారిపోకుండా, అచ్చు పడేంత బిగుతుగా కాకుండా కట్టుకోండి. మన చలికాలంలో చర్మానికి రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి మొదటి 10 నిమిషాల అంకెలు తప్పు కావచ్చు. వాచీని జాకెట్టు చేతి కిందే ఉంచి, ఒళ్లు వేడెక్కాక చూడండి. పట్టీ అయితే కట్టుకునే ముందు లోపలివైపు కాస్త నీళ్లతో తడపాలి.

ఒక్కోసారి వాచీ గుండెని వదిలేసి అడుగులని లెక్కపెడుతుంది. హాయిగా పరుగెత్తుతుంటే 170 అని చూపిస్తే అనుమానించండి. ఆగి, మెడ పక్కనో మణికట్టు దగ్గరో నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. వాచీ కొన్న మొదటి వారంలో ఈ పరీక్ష రెండు మూడుసార్లు చేస్తే దాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

అంకెల అర్థం

గుండె గరిష్ఠ వేగానికి పాత లెక్క 220లోంచి వయసు తీసేయడం. 2001లో వచ్చిన లెక్క ప్రకారం వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. 40 ఏళ్లకి రెండూ 180 అనే చెబుతాయి. 60 ఏళ్లకి పాతది 160, కొత్తది 166. రెండూ సగటులే. మనిషిని బట్టి 10, 12 అటూ ఇటూ ఉండడం మామూలే.

గరిష్ఠంలో 64 నుంచి 76 శాతం ఉంటే మధ్యస్థ శ్రమ, 77 నుంచి 93 శాతం ఉంటే గట్టి శ్రమ. అంటే 40 ఏళ్ల మనిషికి సుమారు 115 నుంచి 137 దాకా మధ్యస్థం. వారానికి 150 నిమిషాల మధ్యస్థ శ్రమ గానీ, 75 నిమిషాల గట్టి శ్రమ గానీ పెద్దలకి ఇక్కడి ఆరోగ్య శాఖ సలహా. వాచీ లేనివాళ్లకి సులువైన గుర్తు ఒకటుంది. పక్కవాళ్లతో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ.

అమ్మానాన్నల విషయంలో

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి పిల్లలు ప్రేమగా వాచీ కొనిపెడతారు. "నాన్నా, ఇంకా 95 దాటలేదు, కాస్త త్వరగా నడవండి" అని వెంటపడతారు. ఆయన బీపీకో గుండెకో అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకుంటున్నారేమో ముందు అడగండి. ఆ మాత్రల పనే గుండె వేగాన్ని తగ్గించడం. వాళ్లకి పైన చెప్పిన లెక్కలు వర్తించవు. అంకె కోసం తరిమితే ప్రమాదం. వాళ్ల లక్ష్యం ఎంతో డాక్టరే చెప్పాలి, అప్పటిదాకా మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు పట్టీ కట్టుకునే ముందు కూడా డాక్టర్నే అడగాలి. షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు ఉపవాసం ఉన్న రోజు పరుగు పెట్టుకోవద్దు.

వాచీ చూడకూడని వేళ

కొన్ని వాచీలు ఈసీజీ కూడా తీస్తాయి. అది గుండె లయ తప్పడాన్ని గుర్తించవచ్చు గానీ గుండెపోటుని పట్టుకోలేదు. ఛాతీలో బిగుతు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఎన్నడూ లేని ఆయాసం, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆగి 911కి ఫోన్ చేయండి. ఆడవాళ్లలో నొప్పి లేకుండా వికారం, నీరసంగా కూడా కనబడవచ్చు. "వాచీలో 80 అనే ఉంది, ఏం కాదులే" అనుకోవద్దు. మీరే కారు నడుపుకుంటూ ఆసుపత్రికి బయల్దేరవద్దు.

వాచీ కొన్నా కొనకపోయినా నాడి చూసుకోవడం ఇంట్లో అందరూ నేర్చుకోండి. పిల్లలకీ నేర్పండి. అది నేర్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు.