సాకే పీపాల దేవళము

జపాను దేశపు ప్రాచీన రాజధానియగు క్యోటో నగరమునకు పడమటి దిక్కున, కొండ పాదమున, మత్సునో యను షింతో దేవాలయము కలదు. రైలు దిగినంతనే దాని ఎఱ్ఱని తోరణద్వారము కానవచ్చును. బియ్యముతో చేయు సాకే యను మద్యమును కాపాడు దేవత యిచ్చట నున్నాడని ఆ దేశీయుల నమ్మకము. మిషను పాఠశాల పత్రికలో మద్యపు గుడి ప్రసంగమేల యని చదువరులు కొందఱు అడుగవచ్చును. త్రాగుడు వలన చెడిన కుటుంబములను మేమెఱుగుదుము; దానిని మెచ్చుకొనుటకు గాదు ఈ వ్రాత. అన్యజాతివారు ఏ భయముచేత మ్రొక్కుచున్నారో తెలిసికొనకయే వారిని చూచి నవ్వుట విద్య గాదని మా తలంపు.

ఈ దేవాలయమును క్రీ.శ. 701వ సంవత్సరమున హత వంశమువారు స్థాపించిరి. వీరు కొరియా మార్గమున వచ్చి స్థిరపడినవారు. పట్టునేతయందును, కాలువలు త్రవ్వి పొలములు సాగుచేయుటయందును, మద్యము చేయుటయందును నేర్పరులు. ద్వారమునకు సకాకి యను చెట్టు కొమ్మలను పండ్రెండు కట్టలుగా వ్రేలాడగట్టుదురు. అధికమాసము వచ్చిన యేట పదుమూడు. అవి యెండిన తీరునుబట్టి పూర్వము పంట శుభాశుభములను ఎంచెడివారు. లోపల, గడ్డిచాపలు చుట్టిన సాకే పీపాలు గోడవలె పేర్చియుండును. ఒక్కొక్క దానిపై పంపినవారి గుర్తు పెద్ద యక్షరములతో వ్రాయబడియుండును.

సాకే మన సారావలె బట్టీపెట్టి దింపునది కాదు. ఆవిరిపై ఉడికించిన బియ్యముమీద కోజీ యను బూజును పెంచుదురు. బూజు బియ్యములోని పిండిపదార్థమును చక్కెరగా మార్చును. ఈస్టు ఆ చక్కెరను మద్యసారముగా మార్చును. ఈ రెండు పనులును ఒక్క తొట్టిలోనే, ఒక్క కాలముననే జరుగుచుండును. ఇడ్లీపిండి ఒక్కరాత్రి ఎక్కువ పులిసిన నేమగునో మన తల్లులకు తెలియును. అక్కడ నట్లు చెడునది ఒక గిన్నెడు పిండి కాదు, శీతకాలమంతయు పడిన శ్రమ, కొన్న బియ్యము, పనివారి కూలి. కంటికి కనబడని సూక్ష్మజీవి యొకటి తొట్టిలో జొరబడిన చాలును, సరకంతయు పులుపెక్కి చెడును, యజమాని అప్పులపాలగును. సాకేను కొంచెము వేడిచేసి నిలువయుంచు ఉపాయమును జపానువారు 16వ శతాబ్దమునందే, అనగా పాస్టరు మహాశయునికి మూడువందల యేండ్లు ముందే, అనుభవముచేత కనుగొనిరి. కాని కారణము తెలియదు. కారణము తెలియనిచోట మ్రొక్కు పుట్టినది.

దేవళము వెనుక కామెనోయి, అనగా తాబేటి బావి, యను ఊట కలదు. దాని నీటిని కొంచెము కలిపిన సాకే చెడదని వారి విశ్వాసము. నేడు సూక్ష్మజీవులనుగూర్చి చక్కగా నెఱిగిన మద్యకారులు సైతము నవంబరు మాసమున, పని ప్రారంభమున, క్షేమము కోరి వచ్చుదురు. ఏప్రిలులో, పని ముగిసినపిమ్మట, కృతజ్ఞత తెలుపుదురు. ఈ రెండవ రాకయే మాకు ఎక్కువ ఆశ్చర్యకరము. అడుగుటకు వచ్చువారు ఎచ్చటనైనను పలువురు గలరు గదా!

చూడబోవువారు ముందు చేతులును నోరును కడిగికొనవలెను. భక్తులు రెండుమాఱులు వంగి, రెండుమాఱులు చప్పట్లు చఱచి, మరల నొకమాఱు వంగుదురు. క్రైస్తవుడు దీనిలో పాల్గొన నక్కఱలేదు. టోపీ తీసి మౌనముగా ప్రక్కన నిలిచిన చాలును. ఊటయొద్ద మాత్రము ఎవ్వరైనను దోసిలి పట్టవచ్చును. ఇరుగుపొరుగువారు తమ యింట తేనీరు కాచుకొనుటకు సీసాలతో ఆ నీరు పట్టుకొనిపోవుచుందురు.