గోలకొండ యను ఇంగ్లీషు మాట

చేవెళ్ళనుండి మొయినాబాదు మీదుగా హైదరాబాదునకు పోవు బాటలో కూరగాయలును పూలగంపలును నిత్యము నగరమునకు తరలుచుండును. లంగరుహౌజు సమీపించుసరికి ఎడమప్రక్క గోలకొండ దుర్గము కానవచ్చును. ఆ దారిని దినదినము పోవువారికి అందు వింత యేమియు తోచదు. కాని ఆ కొండ పేరు సముద్రములు దాటి ఇంగ్లీషు నిఘంటువులకెక్కినది.

ఇంగ్లీషువారు ఊళ్ళ పేళ్ళను పెద్దయక్షరముతో మొదలిడుదురు గదా. ఈ మాటను చిన్నయక్షరముతోడనే వ్రాయుటయు కలదు. అనగా ఊరిపేరు కాస్తయు జాతివాచకమైపోయినది. తరుగని ధనమునిచ్చు గని యని దాని యర్థము. లాభములు కురియు వర్తకమును గూడ గోలకొండ యనెడివారు. నేడు ఆ వాడుక అరుదు.

గొల్లకొండయే గోలకొండ యైనదని చెప్పుదురు. గొల్లవాడొకడు ఆ కొండపై దేవతావిగ్రహమును కనుగొనెనని జనశ్రుతి. గొఱ్ఱెలకాపరి కొండకు ఐశ్వర్యమను అర్థమెట్లు వచ్చినది?

వజ్రములవలన వచ్చినది. చిత్రమేమన, గోలకొండలో వజ్రపుగని లేదు. గనులు కృష్ణాతీరమున నుండెను. వానిలో ప్రసిద్ధమైన కొల్లూరు, గోలకొండకు ఏడుదినముల ప్రయాణమని 17వ శతాబ్దిలో దానిని చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసెను. అచ్చట అఱువదివేలమంది పనిచేయుచుండిరని ఆయన లెక్క. మగవారు గోతులు త్రవ్వుదురు. స్త్రీలును పిల్లలును మన్ను మోయుదురు. ఆ మన్నును నీట కడిగి, ఎండనిచ్చి, ధాన్యమువలె చేటలతో చెఱిగి, మిగిలిన గులకలలో వజ్రములను వెదకుదురు. మీ యీడు పిల్లలు తలపై మోసిన మన్నది! దొరకిన రాళ్ళు కుతుబ్‌షాహీల గోలకొండకు చేరి, అటనుండి విదేశములకు పోయెడివి. కొన్న వర్తకులకు తెలిసిన పేరు గోలకొండయే. కొల్లూరు నెఱిగినవారు కొలదిమంది.

1687లో ఔరంగజేబు గోలకొండను జయించెను. 18వ శతాబ్దిలో బ్రెజిలు దేశమున వజ్రములు బయల్పడి, మన గనుల ప్రాభవము తగ్గెను. మాట మాత్రము చావలేదు. అమెరికాలో నెవడా రాష్ట్రమునందలి గనుల యూరొకటి, ఒహాయో నదీతీరమున ఇల్లినాయి రాష్ట్రమునందలి పట్టణమొకటి నేటికిని గోలకొండ పేరుతోనే యున్నవి.

కొల్లూరు గనుల తావు ఇపుడు పులిచింతల జలాశయపు నీటిక్రింద నున్నది.