పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు.. మీ వాట్సాప్, జీమెయిల్‌కు రెండో తాళం వేశారా?

"అన్నా, తప్పిపోయి నీ ఫోన్‌కు ఒక కోడ్ వచ్చింది, జర చెప్పవా?" వాట్సాప్‌లో తెలిసినవాళ్ల పేరుతోనే ఈ మెసేజ్ వస్తుంది. ఆరు అంకెలే కదా అని చెప్పేస్తే అంతే సంగతులు. మీ ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అయిపోతుంది. కాసేపటికి 'అర్జెంటుగా పది వేలు కావాలి' అంటూ మీ చుట్టాలందరికీ మీ పేరుతోనే మెసేజ్‌లు వెళ్తాయి. జనగామ కిరాణా కొట్టు అయినా, మహబూబాబాద్ మిర్చి రైతు ఇల్లయినా, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్ అయినా మోసం తీరు ఒకటే. దీన్ని చాలావరకు ఆపగలిగేదే టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్, అంటే రెండంచెల భద్రత.

పేరు కొత్తగా అనిపించినా పద్ధతి అందరికీ తెలిసిందే. ఏటీఎంలో కార్డు ఒక్కటే ఉంటే డబ్బులు రావు, పిన్ ఒక్కటే తెలిసినా రావు. రెండూ ఉండాలి. ఒకటి మీ దగ్గర ఉండే వస్తువు, రెండోది మీకు మాత్రమే తెలిసిన సంగతి. వేలిముద్ర, ముఖం లాంటివి మూడో రకం. వీటిలో ఏవైనా రెండు కలిపి అడగడమే ఈ భద్రత. దొంగ చేతికి పాస్‌వర్డ్ చిక్కినా రెండో గడప దగ్గర ఆగిపోతాడు.

పాస్‌వర్డ్ చిక్కడమా, అదెలా అనుకోవద్దు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ సమాచారమే బయటకు పోయింది. బలహీనమైన పాస్‌వర్డ్ లేదా దొంగల చేతికి చిక్కిన పాస్‌వర్డ్ వల్లే ఇది సాధ్యమైందని అప్పట్లో పోలీసులు ప్రాథమికంగా తేల్చారు. పోలీసుల యాప్‌కే తప్పలేదు, పిల్లల పేరు పక్కన 123 పెట్టుకున్న పాస్‌వర్డ్ సంగతి చెప్పేదేముంది!

వాట్సాప్‌లో ఎలా?

సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ స్టెప్ వెరిఫికేషన్. ఆన్ చేసి ఆరు అంకెల పిన్ పెట్టుకోవాలి. ఈమెయిల్ అడిగితే వదిలేయకుండా ఇవ్వాలి, పిన్ మర్చిపోతే అదే దిక్కు. 2017 నుంచే ఉన్న ఈ సదుపాయాన్ని ఇప్పటికీ వాడనివాళ్లు ఎందరో. మీరు పిన్ పెట్టుకోకపోతే ఖాతా కొట్టేసినవాడు తన పిన్ పెట్టేస్తాడు. అప్పుడు మీ నంబర్‌కు వచ్చే కోడ్‌తో మళ్లీ లాగిన్ అయితే వాడు బయటకు పోతాడు కానీ, పిన్ తెలియని మీరు ఖాతాలోకి వెళ్లాలంటే ఏడు రోజులు ఆగాల్సిందే.

ఇక్కడో మెలిక ఉంది. నంబర్‌ను కొత్త ఫోన్‌లో రిజిస్టర్ చేసేటప్పుడే ఈ పిన్ అడుగుతుంది. మీ ఖాతాను తన కంప్యూటర్‌కు లింక్ చేసుకునేవాడిని అడగదు. ఎవరో పంపిన లింక్ నొక్కి, అక్కడ కనిపించిన కోడ్‌ను వాట్సాప్‌లో కొడితే మీరే తలుపు తీసినట్టు. అందుకే లింక్డ్ డివైజెస్ అప్పుడప్పుడు తెరిచి చూడాలి, తెలియని పేరు ఉంటే వెంటనే లాగౌట్ కొట్టాలి.

సిగ్నల్ లేకపోయినా పనిచేసే కోడ్

రెండో తాళం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎస్సెమ్మెస్ ఓటీపీ. అసలు లేకపోవడం కంటే అది వెయ్యి రెట్లు మేలు. కానీ పలిమెల, మహాముత్తారం లాంటి అడవి మండలాల్లో సిగ్నల్ దొరక్క ఓటీపీ వచ్చేసరికి గడువు దాటిపోవచ్చు. భూగర్భ గనిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. షిఫ్టు అయ్యేదాకా కార్మికుడి ఫోన్ పైనే ఉంటుంది. ఆ సమయంలో ఎవరైనా మోసంతో అదే నంబర్‌పై కొత్త సిమ్ తీసుకుంటే వెంటనే తెలిసే అవకాశమే లేదు. సిమ్ మార్చాక 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని టెలికాం శాఖ 2022లోనే ఆదేశించింది. అంటే ఉన్నట్టుండి సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే, ఆ ఒక్కరోజులోనే మేల్కోవాలి.

వీళ్లకు అథెంటికేటర్ యాప్ నయం. గూగుల్ అథెంటికేటర్ లాంటి యాప్‌లో ఒకసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే, ఖాతాకూ ఫోన్‌కూ మాత్రమే తెలిసిన రహస్య సంఖ్య ఒకటి ఫోన్‌లో చేరుతుంది. దానికి గడియారం సమయాన్ని కలిపి ప్రతి 30 సెకన్లకు కొత్త కోడ్ పుట్టిస్తుంది. సిమ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. ఫోన్ టైం మాత్రం సరిగ్గా ఉండాలి. దీనికంటే గట్టిది పాస్‌కీ. వేలిముద్రతో తెరుచుకుంటుంది, నకిలీ వెబ్‌సైట్‌లో అసలు పనిచేయదు.

ఫోన్ పోతే ఎలా అన్నది న్యాయమైన భయమే. దానికోసమే గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితంపై రాసి పట్టా పాసుపుస్తకం దాచే చోటే దాచండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే, ఫోన్‌తో పాటే అవీ పోతాయి.

బ్యాంకుల విషయంలో ఎంపిక మీది కాదు, రెండంచెలు తప్పనిసరి. ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కదానిపైనే ఆధారపడకుండా వేరే పద్ధతులకూ దారి తెరుస్తూ రిజర్వ్ బ్యాంక్ 2025 సెప్టెంబరులో ఇచ్చిన నిబంధనలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టింది. అయితే పెళ్లి పత్రిక అనో, కేవైసీ అనో వచ్చిన ఏపీకే ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చేస్తే ఓటీపీ దొంగకే నేరుగా వెళ్తుంది. అప్పుడు ఎన్ని అంచెలున్నా దండగే.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. ఏదో దరఖాస్తు కోసం నెట్ సెంటర్‌లో జీమెయిల్ తెరిపించుకున్నవాళ్లు చాలామంది. ఆ ఖాతాకు రికవరీ నంబర్‌గా ఎవరి ఫోన్ ఉందో ఒకసారి చూసుకోండి. అక్కడి కుర్రాడి నంబరే ఉంటే, రెండో తాళం చెవి అతని దగ్గరే ఉన్నట్టు. ముందు ఆ నంబర్ మార్చి, తర్వాతే టూ స్టెప్ ఆన్ చేయాలి.

ఇప్పటికే డబ్బులు పోయాయా? ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు దొంగ ఖాతా దాటకముందే ఫిర్యాదు అందితే దాన్ని అక్కడే ఆపే వీలుంటుంది.