కొండ దిగిన వంతెన

పిల్లలూ! సైన్సు ప్రదర్శనకని మీలో చాలామంది నమూనాలు తయారు చేస్తారు గదా! అట్టతో ఇల్లు, వెదురుపుల్లలతో వంతెన, మట్టితో కొండ. చెయ్యడానికి నెల పడుతుంది. విరగడానికి ఒక్క కుదుపు చాలు. అంచేత నమూనా చెయ్యడం ఎంత విద్యో, దాన్ని క్షేమంగా ఊరు దాటించడమూ అంత విద్యే. ఈ సంగతి నాకు అరకులోయలో ఒక కుర్రవాడు నేర్పాడు.

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు మీరెప్పుడైనా ఎక్కారా? ఇనపరాయిని ఓడరేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 1960లలో ఆ దారి వేశారు. దానిమీద 58 సొరంగాలు, ఎన్నో పెద్ద వంతెనలు ఉన్నాయి. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. నేను ఆ కొండల్లో పని చేసే రోజుల్లో, ఏడో తరగతి కుర్రవాడొకడు ఈ దారిలోని ఒక వంతెనకు వెదురుపుల్లలతో నమూనా కట్టాడు. అసలు వంతెనలో 1 మీటరు, నమూనాలో 1 సెంటీమీటరు. స్తంభాలు, పట్టాలు, పైన చిన్న రైలు, అన్నీ ఉన్నాయి.

ప్రదర్శన విశాఖపట్నంలో. నేనే దాన్ని అట్టపెట్టెలో పెట్టించి, తాడుతో గట్టిగా బిగించి, బస్సు చిట్టచివరి సీటుమీద ఉంచాను. అనంతగిరి ఘాటు దిగి శృంగవరపుకోట చేరి చూద్దుము గదా, స్తంభాలు మూడు విరిగి ఉన్నాయి! తప్పు నాది. ఆ కుర్రవాడు మాత్రం ఏడవలేదు. కాసేపు ఊరుకొని ఇలా అడిగాడు:

"మాస్టారూ, మా నాన్న కుండలు కావిడిమీద సంతకు తెస్తాడు. కొండ దిగినా అవి పగలవు. మరి ఇదెందుకు విరిగింది?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. తరవాతి సంతనాడు ఇద్దరం వెళ్లి ఆ కావిడిని పరీక్షగా చూశాం. కావిడిబద్ద వెదురుది; అడుగడుగునా వంగుతుంది, లేస్తుంది. కుండకూ కుండకూ మధ్య ఎండుగడ్డి కూరారు. దించినప్పుడు కుండ నేలమీద కాక, గడ్డితో చుట్టిన చుట్టకుదురుమీద కూర్చుంటున్నది. జవాబు మా కళ్లముందే ఉంది!

కదిలే వస్తువును ఎంత హఠాత్తుగా ఆపితే దానికి అంత పెద్ద దెబ్బ తగులుతుంది. ఒక వస్తువు 20 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడిందనుకోండి. రాతిమీద పడి 1 మిల్లీమీటరులో ఆగిపోతే, దానిమీద దాని బరువుకు సుమారు 200 రెట్ల బలం పనిచేస్తుంది. గడ్డిమీద పడి, 2 సెంటీమీటర్లు అణిగి ఆగితే, ఆ బలం సుమారు 10 రెట్లే. వస్తువు అదే, ఎత్తూ అదే. ఆగిన తీరు వేరు. మా పెట్టెలో అణగడానికి ఏమీ లేదు. తాడు బిగించిన కొద్దీ బస్సు కుదుపులన్నీ నేరుగా వంతెనకే చేరాయి.

మరుసటి ఏడు ఆ కుర్రవాడు మళ్లీ వంతెన కట్టాడు. ఈసారి మేము చేసిన పనులు మీరూ గుర్తుంచుకోండి.

మొదటిది: నమూనాను విడదీయడానికి వీలుగా చెయ్యాలి. రైలు వేరు, పట్టాలు వేరు, స్తంభాలు వేరు. ప్రతి ముక్కకూ అంకె వెయ్యాలి. నాగార్జునసాగరం కట్టేటప్పుడు, నీట మునగబోయే నాగార్జునకొండ లోయలోని ప్రాచీన కట్టడాలు కొన్నిటిని ఎత్తయిన చోటికి తరలించి తిరిగి నిర్మించారు. పెద్దలు రాతి కట్టడాలకు చేసిన పని మనం వెదురుపుల్లలకు చెయ్యలేమా?

రెండవది: పెట్టెలో పెట్టె. ముక్కలను దూదిలోనో మెత్తని పాతగుడ్డలోనో చుట్టి, కదలకుండా చిన్న పెట్టెలో అమర్చాలి. దాన్ని పెద్ద పెట్టెలో పెట్టి, కిందా పైనా నాలుగు పక్కలా నాలుగేసి వేళ్ల మందాన ఎండుగడ్డి కూరాలి. గడ్డి బాగా ఎండినదై ఉండాలి. తడిసినది అణిగిపోతుంది, జిగురునూ వదులు చేస్తుంది. అరకులో శీతకాలం మంచు దట్టంగా కురుస్తుంది కనుక పెట్టెకు పైన ప్లాస్టిక్ కాగితం చుట్టాలి.

మూడవది: చోటు. బస్సులో వెనక చక్రాలకు వెనకగా కూర్చున్నవారు ఎలా ఎగిరిపడతారో మీకు తెలుసు. పెట్టెను ముందు, వెనక చక్రాల నడుమ, కింద ఉంచాలి. దానిమీద ఇతర సామాను పెట్టకూడదు.

నాలుగవది: జిగురు, దారం, కత్తెర, నాలుగు అదనపు పుల్లలు వెంట ఉండాలి. ఎంత జాగ్రత్తపడ్డా దారి దారే గదా!

ఈసారి వంతెన ఒక్క పుల్ల విరగకుండా చేరింది. బహుమతి వేరెవరికో వచ్చింది. అయినా మావాడు వంతెన పక్కనే గడ్డి నింపిన ఆ రెండు పెట్టెలనూ పెట్టి, వచ్చినవారందరికీ కుండల కావిడి సంగతి వివరించి చెప్పాడు. వంతెనకంటె పెట్టెల దగ్గరే ఎక్కువమంది నిలబడ్డారు!

మీరూ ఒక పరీక్ష చెయ్యండి. అమ్మనడిగి ఒక పచ్చి కోడిగుడ్డు తీసుకొని, పైన చెప్పినట్టు రెండు పెట్టెలలో సర్దండి. మోకాలి ఎత్తునుంచి నేలమీదికి వదలండి. గుడ్డు పగలకపోతే మీ నమూనా ప్రయాణానికి సిద్ధమన్నమాట. పగిలితే మాత్రం దిగులుపడకండి. గడ్డి ఇంకొంచెం కూరి మళ్లీ ప్రయత్నించండి. నేను నేర్చుకున్నదీ విరిగిన తరవాతే గదా!